మిస్ క్లోవర్ కాపరి

మిస్ క్లోవర్ గాల్లోకి లేవాలంటే పైలట్ ఒప్పుకుంటే చాలదు, ఆకాశం ఒప్పుకుంటే చాలదు, డెల్మార్ జాస్ట్రో ఒప్పుకోవాలి. ఆయన విమానం ముందు నిలబడి, రెండు ఇంజన్లనూ ఒకసారి పరకాయించి చూసి, పైలట్ కిటికీ వైపు బొటనవేలు ఎత్తి, "తీసుకెళ్ళు, మళ్ళీ తెచ్చియ్యి" అనేవాడు, పక్కింటివాడికి నిచ్చెన ఎరువిచ్చినట్టు. పైలట్లు నవ్వేవారు. అయినా ఆ మాట చెవిన పడకుండా మా ఊరు మార్ష్ రిడ్జ్‌లో ఎవరూ ఇంజన్ తిప్పిన పాపాన పోలేదు.

మిస్ క్లోవర్ రెండో ప్రపంచ యుద్ధకాలపు బాంబర్, బి-25 రకం. రెండు ఇంజన్లు, లోపల కూర్చుంటే చెవులు చిల్లులు పడే రొద. యుద్ధం అయ్యాక అడవుల మీద మందు చల్లింది, ఆ తర్వాత ఎవరి పొలం గట్టునో చాలాకాలం పడి ఉంది. మా ఊరివాళ్ళు కొందరు దాన్ని తెచ్చి, ఏళ్ళ తరబడి శని, ఆదివారాలు ధారపోసి మళ్ళీ ఎగిరించారు. వేసవిలో ఎయిర్‌షోలకి తీసుకెళ్తాం. టికెట్ కొన్నవాళ్ళని ఎక్కించి సరస్సు మీదుగా ఓ చుట్టు తిప్పి దింపుతాం. మాలో ఎవరికీ జీతం లేదు. సొంత పెట్రోలు పోసుకుని వస్తాం, బట్టలు నూనె చేసుకుంటాం, ఇంటికెళ్ళి తిట్లు తింటాం. నా పేరు ఫేయ్. జీవితమంతా స్కూలు బస్సు నడిపినదాన్ని కాబట్టి జనాన్ని ఎక్కించడం, బెల్టులు పెట్టించడం, నోళ్ళు మూయించడం నాకు అప్పగించారు.

డెల్మార్ పాలు పితికే యంత్రాలు బాగుచేసి బతికినవాడు. మా చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని డెయిరీ లేదు. పండగ పూట పిలిచినా లేచి వెళ్ళేవాడు. "పొదుగు నిండిన ఆవుకి రేపొస్తానని చెప్పగలమా?" అనేవాడు. పని మానేసిన నాడు ఆయన భార్య ఆర్లిస్, ఇక మనిషి ఇంటిపట్టున ఉంటాడని సంబరపడి కొత్త సోఫా కొంది. మర్నాడు పొద్దున్నే ఆయన, విమానం ఉంచే మా హ్యాంగర్ తలుపు తట్టాడు. ఆ సోఫా మీద మొగుణ్ణి కూర్చోగా చూసిన పుణ్యాత్ములుంటే చెప్పండని ఆర్లిస్ కనిపించినవాళ్ళనల్లా అడిగేది. విమానానికి ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. చిన్నప్పుడు వాళ్ళింట్లో దగ్గరికెళ్తే తన్నే ఆవు ఒకటి ఉండేదట, దాని పేరు. నాకు అరవై దాటినా నన్ను "పిల్లా" అనేవాడు. ఆ మాటకి నాకు పైకి కోపం వచ్చేది, లోపల బాగుండేది.

ఈ పాత ఇంజన్ల సంగతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వీటిలో సిలిండర్లు గుండ్రంగా, పువ్వు రేకుల్లా పేర్చి ఉంటాయి. విమానం కదలకుండా నిలబడితే నూనె కారి అడుగు సిలిండర్లలో చేరుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే ఆ నూనె నలగదు, పోవడానికి దారి ఉండదు, లోపలి ఉక్కు కడ్డీ వంగిపోతుంది. అందుకని ముందు మేమంతా వరసగా నిలబడి, ప్రొపెల్లర్ బ్లేడుని ఒకరి తర్వాత ఒకరు చేతులతో తోసి తిప్పుతాం. బ్లేడు ఎక్కడైనా బిగుసుకుంటే అక్కడే ఆగిపోవాలి. ప్లగ్గులు విప్పి నూనె దింపాలి. అది పెద్ద పని, ఆ పూటకి విమానం ఎగిరినట్టే. బద్ధకస్తులకి ఒక దొంగదారి ఉంది. బ్లేడుని కాస్త వెనక్కి తోస్తే బిగువు వదిలిపోతుంది, తర్వాత ముందుకి హాయిగా తిరుగుతుంది. కానీ నూనె ఎక్కడికీ పోదు. గాలి పీల్చే గొట్టంలోకి వెళ్ళి కూర్చుంటుంది, ఇంజన్ స్టార్ట్ కాగానే మళ్ళీ సిలిండర్లోకి వస్తుంది. కడ్డీ వంగుతుంది గానీ అప్పుడే విరగదు. ఎప్పుడో గాల్లో, లోపల జనం ఉండగా విరుగుతుంది.

కొత్తగా చేరినవాళ్ళకి డెల్మార్ చెప్పే మొదటి పాఠం అదే. "వెనక్కి తోశావా, ఇంటికి పో. మళ్ళీ రాకు." ఉత్తినే అనే మాట కాదు. మాకు చందాలు బాగా ఇచ్చే పళ్ళ డాక్టరు ఒకాయన సరదాకి వెనక్కి తోస్తే, అందరం గడ్డం పట్టుకుని బతిమాలినా వినకుండా పంపించేశాడు. ఆ ఏడు రంగుల డబ్బాలకి కూడా కటకటలాడాం. డెల్మార్ మాత్రం ఆ డాక్టరు దగ్గర పళ్ళు పీకించుకోవడానికి ఎప్పటిలాగే వెళ్ళొచ్చాడు. పగ లేదు, రూలు రూలే.

మరపు ఎప్పుడు మొదలైందో ఎవరం సరిగ్గా చెప్పలేం. పానా పేరు రాక "అది, అది" అని వేలు చూపించేవాడు. ఆ మాటకొస్తే మేమూ చూపిస్తాం. తర్వాత ఒకసారి ఖాళీ చేసిన కప్పు చేతిలో పట్టుకునే "నాకెవరూ కాఫీ పొయ్యలేదేం?" అన్నాడు. మేం నవ్వాం, ఆయనా నవ్వాడు. ఇంకో సాయంత్రం హ్యాంగర్ నుంచి ఇంటికి బయల్దేరి, తను పుట్టి పెరిగిన రోడ్డు మీదే కారు పక్కకి ఆపి కూర్చున్నాడు. ఆర్లిస్ ఫోన్ చేస్తే వెతుక్కుంటూ వెళ్ళాను.

"ఇల్లు తెలుసు పిల్లా. ఎటు తిరగాలో మాత్రం రావట్లేదు" అన్నాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "నీ మొహం. నా వెనకాలే రా" అన్నాను.

మా పైలట్లలో పెద్దవాడు కర్ట్. వేసవి ముగుస్తుండగా ఒకరోజు నన్ను పక్కకి పిలిచాడు.

"ఫేయ్, నిజం చెప్పు. డెల్మార్ మాట మీద ఇంకా జనాన్ని ఎక్కించొచ్చంటావా?"

"నన్నడుగుతావేం? నడిపేది నువ్వు."

"ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేదు."

"నాకు మాత్రం మూటలు కట్టి ఉందా?"

దొందూ దొందే. చివరికి ఇద్దరం కలిసి ఓ నిర్ణయానికొచ్చాం. ఇక మిగిలింది మా ఊరి షో ఒక్కటే. అది కానిచ్చి, చలికాలంలో మెల్లగా చెబుదాం. ఈలోపు ఆయన చూసిన ప్రతి పనినీ ఇంకొకరు వెనకాలే ఉండి చూడాలి, ఆయనకి తెలియకుండా.

తెలియకుండా ఎలా ఉంటుంది. "నాకు తోకలు మొలిచాయేంట్రా" అని అందరి ముందూ పరాచికమాడి, నేను ఒంటరిగా దొరికినప్పుడు అసలు మాట అన్నాడు.

"చెయ్యి వణికితే ఇంకొకడి చేత పట్టిస్తా. కళ్ళు ఆనకపోతే అద్దాలు మారుస్తా. నేను బాగుందన్నది బాగోకపోతే ఏం చెయ్యను? నాకు ఇక్కడ ఉన్నదల్లా ఆ మాట ఒక్కటే కదా పిల్లా."

ఆయన చెప్పింది నిజం. అది పోతే ఆయన చేతిలో గుడ్డపీలిక తప్ప ఏమీ మిగలదు.

సెప్టెంబరులో షో. ఆ రోజు మాకు ముఖ్యమైన మనిషి క్లెటస్ పావ్లాక్. యుద్ధంలో కార్సికా దీవి నుంచి ఇలాంటి బాంబర్లోనే తుపాకీ దగ్గర కూర్చుని వెళ్ళేవాడు. తొంభై అయిదేళ్ళు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, వృద్ధాశ్రమం వాళ్ళ వ్యాన్. ఇన్నేళ్ళూ యుద్ధం ఊసే ఎత్తని మనిషి, ఆ వేసవిలో ఉన్నట్టుండి "ఒక్కసారి ఎక్కి చూస్తాను" అన్నాడట. గుండె ఇక ఎంతోకాలం ఆడదని డాక్టర్లు చెప్పారు. ఆయన కూతురు రోజాన్ మాకు రోజు విడిచి రోజు ఫోన్ చేసి, అన్నీ అడిగి, ఆ రోజు మొదటి ట్రిప్పు ఆయన కోసం ఖాయం చేసుకుంది. పడమటి నుంచి వాన వస్తోందని రేడియోలో చెబుతున్నారు. వచ్చేలోపు తిప్పి దింపేయాలని మా హడావుడి.

ప్రొపెల్లర్లు తిప్పుతున్నాం. ఎడమది అయింది. కుడి దగ్గర బ్లేడు కాస్త బరువుగా వచ్చిందని ఎవరో అన్నారు. డెల్మార్ అందర్నీ తప్పుకోమని తనే చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే పావ్లాక్ వ్యాన్ గేటు దాటి లోపలికొచ్చింది. అందరి తలలూ అటు తిరిగాయి. డెల్మార్ వెనకాల ఉండాల్సిన కర్ట్ కూడా పెద్దాయనకి చెయ్యి కలపడానికి వెళ్ళిపోయాడు. మళ్ళీ తిరిగి చూసేసరికి బ్లేడు సాఫీగా తిరుగుతోంది.

పావ్లాక్‌ని నలుగురం పట్టి, విమానం పొట్టలో ఉన్న తలుపు గుండా లోపలికి చేర్చాం.

"అప్పట్లో ఈ తలుపు ఇంకా పెద్దగా ఉండేది" అన్నాడు రొప్పుతూ.

"తలుపు అంతే ఉంది పావ్లాక్ గారూ, మీరే సన్నగా ఉండేవారు" అన్నాను.

"ఈవిడకి నోరెక్కువే" అని కూతురితో అని నవ్వాడు. కిటికీ పక్కన కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. ఆయన అరచెయ్యి విమానం గోడకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "ఇదే వాసన" అన్నాడు. నా సీటు రోజాన్‌కి ఇచ్చి నేను కిందికి దిగి తలుపు వేశాను.

డెల్మార్ ముందు నిలబడి ఉన్నాడు. కర్ట్ కిటికీలోంచి చూస్తున్నాడు. డెల్మార్ చెయ్యి పైకి లేచింది. బొటనవేలు లేవలేదు. చెయ్యి దించి అరచేతులు రెండూ చూసుకున్నాడు. తర్వాత రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు. ఆపమని గుర్తు. నేను పరుగెత్తాను.

"పిల్లా, ఇందాక కుడి దాన్ని నేను ఎటు తోశాను?"

"ముందుకే. నువ్వు ఎప్పుడైనా వెనక్కి తోశావా?"

"ఎప్పుడూ సంగతి కాదు. ఇందాక. నువ్వు చూశావా?"

"లేదు."

"ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. కర్ట్ దిగి వచ్చాడు. "డెల్మార్, నీ మనసుకి ఏమనిపిస్తోంది?" అని నెమ్మదిగా అడిగాడు.

"నా మనసు మీదే కదా నాకు అనుమానం. దింపండి. అందర్నీ దింపి ప్లగ్గులు విప్పండి."

రోజాన్ కిందికి దిగుతూనే నిప్పులు కక్కింది. "మా నాన్నని ఎక్కించేసరికే తాతలు దిగొచ్చారు, మళ్ళీ దింపుతారా? ఆ మనిషికి మతి లేకపోతే ఇంకొకర్ని పెట్టుకోలేరా?" డెల్మార్ నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. విన్నాడు.

పావ్లాక్ మాత్రం బెల్టు విప్పనివ్వలేదు. "నాకు తొంభై అయిదు. ఇంజన్ ఆగితే ఆగనీ. నన్ను ఇక్కడే ఉంచండి" అన్నాడు.

"మీతో ఎగిరే మిగతావాళ్ళం కూడా ఉన్నాం కదా" అన్నాడు కర్ట్.

పెద్దాయన కాసేపు కిటికీలోంచి చూశాడు. "ఆ రోజుల్లో దిగిపొమ్మంటే పండగ చేసుకునేవాళ్ళం" అని బెల్టు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

ఇంజన్ మీది రేకులు విప్పారు. అడుగు సిలిండర్ల కింద తెల్ల పింగాణీ గిన్నె నేనే పట్టుకున్నాను. డెల్మార్ పానా ముట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఒక్కో ప్లగ్గూ వచ్చింది. పొడి. గాలి గొట్టాల అడుగు మూతలు తీశారు. తడి మరక తప్ప చుక్క పడలేదు. బ్లేడు బరువుగా వచ్చిందన్నవాడు, పొద్దుటి చలికి అలా అనిపించిందేమోనని నసిగాడు. డెల్మార్ దాన్ని వెనక్కి తొయ్యలేదు. ఎప్పటిలాగే ముందుకే తోశాడు. అన్నీ మళ్ళీ బిగించేలోపు వాన దిగిపోయింది.

"చూశావా, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు" అని కర్ట్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఓదార్పు అనుకున్నాడు పాపం.

"తప్పు చేసుంటే, చేసింది గుర్తుందిలే అనుకునేవాణ్ణి" అన్నాడు డెల్మార్. "చెయ్యలేదు. అంటే ఏది చేశానో, ఏది చెయ్యలేదో ఇక నాకు తెలీదు. నన్ను అడక్కండి కర్ట్. ఇవాళ్టి నుంచి నన్ను అడక్కండి."

పావ్లాక్ వ్యాన్లో, ఒళ్ళో సగం తిన్న సాసేజ్ రొట్టెతో కూర్చుని ఉన్నాడు. డెల్మార్ వానలోనే వెళ్ళి తలుపు దగ్గర నిలబడి, "నావల్లే ఆగిందండి" అన్నాడు. రోజాన్ మొహం తిప్పుకుంది. పెద్దాయన చెయ్యి చాపి, "వచ్చే ఏడు వస్తాన్లే" అన్నాడు. రాడని అక్కడున్న అందరికీ తెలుసు.

చలికాలంలో మేం మెల్లగా చెప్పాల్సిన మాట ఆయనే చెప్పేసుకున్నాడు కాబట్టి మాకు పని తప్పింది. సిగ్గు మాత్రం తప్పలేదు. ఆయన పని ఇంకొకతను తీసుకున్నాడు, మంచివాడే. శనివారాలు ఆర్లిస్ కారులో తీసుకొచ్చి దింపితే, డెల్మార్ గుడ్డ పట్టుకుని మిస్ క్లోవర్ పొట్ట తుడుస్తుండేవాడు. తుడిచిందే తుడిచేవాడు. అక్కడ అల్యూమినియం అద్దంలా మెరిసేది.

జనవరిలో పావ్లాక్ పోయాడు. రోజాన్ ఫోన్ చేసి చెప్పింది. చివర్లో, "ఆ రోజు నేనన్న మాట ఆయనకి గుర్తుందా?" అని అడిగింది. లేదమ్మా, ఆయనకి ఏదీ గుర్తుండదన్నాను. నిజానికి ఆ ఒక్క మాటా ఆయనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

పావ్లాక్ సంగతి డెల్మార్‌కి చెబితే గోడకి తిరిగి ఏడ్చాడు. కొన్నాళ్ళకి "ఆ ముసలాయన ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. మళ్ళీ చెప్పాం. మళ్ళీ మొదటిసారి విన్నట్టే ఏడ్చాడు. మూడోసారి చెప్పడం ఎవరివల్లా కాలేదు.

ఇంకో ప్రశ్న మాత్రం ప్రతి శనివారం ఉండేది. "ప్లగ్గుల్లో ఏమొచ్చింది?" ఏమీ రాలేదంటే మొహం చిన్నబోయేది. చూసి చూసి కర్ట్ మనసు కరిగింది. ఒకరోజు, "నూనె వచ్చింది డెల్మార్. అరగిన్నె. నువ్వు ఆపబట్టి బతికాం" అన్నాడు. డెల్మార్ గుడ్డ మడిచి పక్కన పెట్టి, ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. తర్వాత శనివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అన్నం నీళ్ళు ముట్టడం లేదని ఆర్లిస్ ఫోన్ చేసింది.

వెళ్ళేసరికి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు పళ్ళెంలో ఆర్లిస్ చేసిన యాపిల్ పై ముక్క ముట్టకుండా అలాగే ఉంది.

"రా పిల్లా" అన్నాడు. నన్ను పోల్చుకున్నాడు, అదే పదివేలు.

"హ్యాంగర్ మొహం చూడట్లేదేం?"

"వెనక్కి తోసినవాడికి అక్కడ చోటు లేదు. ఆ రూలు పెట్టింది నేనే."

"నువ్వు తోశావని ఎవడన్నాడు?"

"అరగిన్నె నూనె వచ్చిందట. ఆ ముసలాయన లోపల కూర్చుని ఉన్నాడు. ఆ కూతురు కూర్చుని ఉంది. నేను చెయ్యి ఎత్తేశాను. ఇంకొక్క క్షణం అయితే బాగుందనేవాణ్ణి పిల్లా. అందర్నీ చంపేసేవాణ్ణి."

కర్ట్‌ని మనసులో నానా తిట్లూ తిట్టుకున్నాను. మంచి చెయ్యబోయి మనిషిని ఇలా కూలేశాడు.

"కర్ట్ అబద్ధం చెప్పాడు" అన్నాను. "నీకు బాగుంటుందనుకుని చెప్పాడు, వాడి తెలివి తెల్లారినట్టే ఉంది. చుక్క నూనె రాలేదు. గిన్నె పట్టుకున్నది నేను. నువ్వు ముందుకే తోశావు."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆయన భుజాలు దిగాయి. చాలాసేపు నా మొహంలోకి చూసి, ఫోర్కు తీసుకుని తినడం మొదలుపెట్టాడు. ఆర్లిస్ సింకు వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. సగం తిన్నాక ఆయన చెయ్యి ఆగింది.

"అయితే ఇంజన్ బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది."

"మరి ఆయన ఎగరాల్సింది కదా."

నేను పళ్ళెం ఆయన వైపు ఇంకాస్త జరిపాను.

"పాపం, ఎంత ఆశపడి వచ్చాడు. ఆయన్ని మళ్ళీ పిలవండి పిల్లా. ఎండ కాసే రోజు చూసి పిలవండి. ఈసారి నన్ను అడక్కండి, ఆ కొత్త అతన్ని అడిగి తీసుకెళ్ళండి."

ఆర్లిస్ నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"సరే డెల్మార్, పిలుస్తాం" అన్నాను.